పాలు – హాలు – లాత్తే

పిల్లలూ, ఈ మధ్య మన పట్టణాలలో కాఫీ దుకాణాలవాళ్ళు 'లాటే' అనే పేరుతో ఒక కాఫీ అమ్ముతున్నారు. మీలో కొందరు త్రాగి కూడా ఉంటారు. కాని ఇటలీ దేశం వెళ్ళి, అక్కడ ఊరికే 'లాత్తే' అని అడిగారనుకోండి, కాఫీ రాదు. గ్లాసుతో పాలు తెచ్చి మీ ముందు పెడతారు. ఇటాలియను భాషలో లాత్తే అంటే పాలు.

ఇవే పాలను స్పెయిన్ వారు 'లేచే' అంటారు. పోర్చుగీసువారు 'లేయితె' అంటారు. రుమేనియావారు 'లాప్తె' అంటారు. ఫ్రెంచివారు 'లే' అని ఊరుకుంటారు. (మాట చివరి అక్షరాలను వ్రాయటమే గాని పలకటం వారికి అంతగా అలవాటు లేదు!) ఈ అయిదు భాషలూ ఒక తల్లి బిడ్డలు. ఆ తల్లి పేరు లాటిన్. రెండువేల ఏళ్ళ క్రితం రోము సామ్రాజ్యపు సిపాయిలు, వర్తకులు, రైతులు మాట్లాడిన భాష అది. వాళ్ళు స్థిరపడిన చోటల్లా నాటుకుని, తరాలు గడిచినకొద్దీ ఒక్కొక్క చోట ఒక్కొక్క విధంగా మారిపోయింది.

అయితే ఇష్టం వచ్చినట్టు మారలేదు. తమాషా అంతా అక్కడే ఉంది. లాటిన్ వాడుకలో పాలు 'లక్తె', రాత్రి 'నొక్తె', ఎనిమిది 'ఒక్తో'. మూడింటిలోనూ 'క్త' ఉన్నది, చూశారా? ఇటలీవారి నోట అది 'త్త' అయింది: లాత్తే, నొత్తే, ఒత్తో. స్పెయిన్ వారి నోట 'చ' అయింది: లేచే, నోచే, ఓచో. పోర్చుగీసులో లేయితె, నోయితె, ఓయితో. రుమేనియావారు 'ప్త' చేశారు: లాప్తె, న్వాప్తె, ఓప్త్. అందుకే ఈ భాషలలో ఒకటి బాగా వచ్చినవారికి రెండవదానిలో చాలా మాటలు సగం తెలిసినట్టే ఉంటాయి.

ఇలాంటి సంగతి మన ఇరుగుపొరుగునే ఉంది. మన పాలు కన్నడంలో హాలు. మన పులి హులి. మన పాము హావు. పాత కన్నడంలో అవి కూడా 'ప'తోనే ఉండేవి; తరువాత 'హ' అయినాయి. హిందూపురం వైపు పిల్లలకు ఇది ఎవరూ నేర్పనక్కరలేదు.

కాని అక్కచెల్లెళ్ళ భాషలు గదా అని మరీ ధైర్యం పనికిరాదు. ఇటాలియనులో 'బుర్రో' అంటే వెన్న. స్పానిషులో అదే మాటకు గాడిద అని అర్థం. ఇటలీలో భాష నేర్చుకుని స్పెయిన్ వెళ్ళినవాడు రొట్టెమీద ఏమి వ్రాయమంటాడో మీరే ఊహించుకోండి! కన్నడంవారు 'ఊట' అంటే భోజనం. మనకు చెలమలో ఊరే నీరు.

ఇంతకూ ఈ మార్పులు చేసినదెవరు? మామూలు జనమే. తప్పుగా పలికి పలికి మార్చారు. నేపుల్సులోని జాతీయ గ్రంథాలయంలో ఒక పాత వ్రాతప్రతి ఉంది. అందులో 227 మాటలకు ఒక పట్టిక ఉంది. "ఇలా అనాలి, ఇలా కాదు" అని వరసగా దిద్దుతూ పోయిన పట్టిక. బహుశా ఎవరో ఉపాధ్యాయుడే చేసి ఉంటాడు. ఆ ధోరణి మాకు తెలుస్తుంది. కన్నును 'ఓకులుస్' అనాలి, 'ఓక్లుస్' కాదు. అద్దాన్ని 'స్పెకులుం' అనాలి, 'స్పెక్లుం' కాదు. వేడిగా ఉన్నదాన్ని 'కలిద' అనాలి, 'కల్ద' కాదు.

పాపం, ఎంత దిద్దితే ఏం లాభం? నేడు ఇటలీలో కన్ను 'ఓక్కియో', అద్దం 'స్పెక్కియో'. రెండూ ఆయన కొట్టివేసిన రూపాల నుంచి వచ్చినవే. వేడిగా ఉన్నదాన్ని 'కల్ద' అనే అంటున్నారు. ఆనాటి జనం ఎలా మాట్లాడారో మనకు ఇంత బాగా తెలియటానికి ఒక కారణం, ఆయన కోప్పడుతూ వ్రాసిపెట్టిన ఆ పట్టికే!

అది మొదటిసారి చదివినప్పుడు నా చిన్ననాటి నోటుపుస్తకం గుర్తుకు వచ్చింది. నేను 'వస్తున్నాడు' అని వ్రాస్తే మా మాష్టారు కొట్టివేసి, పైన 'వచ్చుచున్నాడు' అని వ్రాశారు. బెంచీ ఎక్కించారు కూడా. తరువాత నేనూ పంతులునై ఎన్ని ఎర్రసిరా సీసాలు ఖర్చుచేశానో! తల్లిదండ్రులు కంగారుపడవద్దు, దిద్దటం మానమని నేను అనటం లేదు. కాని దిద్దేముందు, "ఈ మాట ఎక్కడ విన్నావురా?" అని పిల్లవాణ్ణి అడగటం నాకు ఉద్యోగం చివరి రోజుల్లోగాని అలవాటు కాలేదు.

క్రీ.శ. 960లో ఇటలీలోని కాపువా అనే ఊళ్ళో ఒక భూమి తగాదా విచారణకు వచ్చింది. కాగితమంతా లాటిన్ లోనే వ్రాసి, సాక్షులు చెప్పిన వాక్యాన్ని మాత్రం జనం మాట్లాడే మాటలలోనే వ్రాశారు. ఇటాలియను భాషలో మనకు దొరికిన తొలి వ్రాతలలో అది ఒకటి. తప్పుల పట్టికలో ఉండవలసిన భాష న్యాయస్థానం కాగితం మీదికి ఎక్కింది!

ఇక మీకొక లెక్క. లాటిన్ లో ఇంటికప్పు 'తెక్తుం'. చివరి 'ఉం' ఇటలీలోనూ, స్పెయిన్ లోనూ 'ఓ' అవుతుంది. మధ్యనున్న 'క్త' ఏమవుతుందో పైన చెప్పాను. రెండు మాటలూ మీరే కట్టి, ఆ తరువాతనే నిఘంటువు తెరవండి.