నుడికారములోని దెబ్బ

ఇంగ్లీషు పాఠములో "కాలమును చంపుట" అను పలుకుబడి వచ్చినపుడు, గుడివాడ ప్రాంతపు విద్యార్థి దానిని మాటకు మాటగా తెలుగు చేసినచో తరగతి నవ్వును. ఇంటివద్ద అతని తాత అరుగుమీద చేయునది కేవలము "పొద్దుపుచ్చడం". అందు హత్య లేదు. ఇంగ్లీషువానికి గూడ ఆ మాట పలుకునపుడు కత్తి గుర్తునకు రాదు. స్వభాషలో నిద్రించు క్రౌర్యము అనువాదములో మేలుకొనును.

"డెడ్‌లైన్" అను మాటను చూడుడు. 1864లో అమెరికా అంతర్యుద్ధకాలమున, జార్జియా రాష్ట్రమునందలి ఆండర్సన్‌విల్ చెరలో ఖైదీలు దాటరాని గీత యొకటి యుండెను. దాటినవానిని కావలివాడు కాల్చివేయును. ఆ గీత పేరే పిమ్మట పత్రికా కార్యాలయములకు చేరి, వార్త అందవలసిన వేళకు పేరయ్యెను. తెలుగున "గడువు" అను చక్కని మాట కలదు. గడువు మీరినవానికి అపరాధ రుసుమే గాని తుపాకిగుండు లేదు.

అట్లని తెలుగు మరీ సాధువని భ్రమపడనక్కరలేదు. "కొట్టు" అను ఒక్క క్రియను పట్టి చూచిన చాలును. చప్పట్లు కొట్టుదుము, ఈత కొట్టుదుము, గోడకు సున్నము కొట్టుదుము. ఎండ కొట్టును, వాసన కొట్టును. పిల్లవాడు బడి ఎగగొట్టును. ఈత కొట్టువాడు నీటిపై పగబట్టినవాడు కాడు. కాని "పొట్ట కొట్టుట" వేరు. అందు చేయి లేవదు, దెబ్బ మాత్రము నిజము. కాలువ చివరి భూములకు నీరందనినాడు దివిసీమ రైతు నోట వచ్చు ఆ మాటలో అతిశయోక్తి లేదు.

ఇంతకంటె ఆలోచింపవలసినది "ఉప్పెన". ఎన్నికల వార్తలలో ఓట్లు ఉప్పెనవలె వచ్చును, ప్రత్యర్థులు కొట్టుకుపోవుదురు. 2004 తరువాత దానికి "సునామీ" తోడైనది. బడిపిల్లల వ్యాసములలో జనము గూడ ఉప్పెనలా తరలివచ్చుచున్నది. ఆండర్సన్‌విల్ గీత గీచిన ఆ 1864లోనే, నవంబరు 1వ తేదీ రాత్రి, బందరుపై సముద్రము విరుచుకుపడి సుమారు 30,000 మందిని పొట్టనబెట్టుకొన్నది. 1977 నవంబరు 19న దివిసీమలో మరల అదే జరిగినది. ఆనాటి మృతులు సుమారు 10,000 మంది. 1975లో విద్యామంత్రిగా హైదరాబాదున మొదటి ప్రపంచ తెలుగు మహాసభలను నడిపిన మండలి వెంకటకృష్ణారావు, రెండేండ్లకే తన సొంతసీమలో బాధితులకు గూడు కల్పించు పనిలో మునుగవలసివచ్చెను.

ఈ మాటను నిషేధింపవలెనని యెవరును కోరరు; భాష అట్టి ఆజ్ఞలను వినదు. ఆండర్సన్‌విల్ గీత చెరిగి నూటయరువది యేండ్లు గడచినవి గనుక దాని పేరు తేలికపడినది. ఉప్పెనకు ఇంకను ఆ వయస్సు రాలేదు. కోడూరు, నాగాయలంక ప్రాంతములలో ఏ సంగతి చెప్పినను "ఉప్పెనకు ముందు", "ఉప్పెన తరువాత" అని కాలమును లెక్కించు వృద్ధులు నేటికిని కలరు. అక్కడి ఉపాధ్యాయుడు వ్యాసములు దిద్దునపుడు ఆ ఉపమానమును వెంటనే కొట్టివేయనక్కరలేదు. ఆ వ్యాసమును ఇంటిలో అవ్వకు చదివి వినిపించి, ఆమె యేమన్నదో మరునాడు వ్రాసి తెమ్మని విద్యార్థితో చెప్పవచ్చును.