మెడల్ కావాలి సరే, మరి మోకాలి సంగతేంటి?

కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మన గూడేల పిల్లలు కబడ్డీ, ఖోఖో, ఫుట్‌బాల్‌లో బాగానే పైకొస్తున్నారు. కిన్నెరసాని లాంటి గిరిజన స్పోర్ట్స్ స్కూళ్లూ ఉన్నాయి. మెడల్ వస్తే ఫొటో దిగడానికి అందరూ వస్తారు. మోకాలు పోతే అడిగేవాళ్లు ఉండరు. నేననేది ఒక్కటే: ఆటగాళ్లు తయారయ్యే చోటికి మోకాలు చూడగల డాక్టర్ రావాలి. ఆ డాక్టర్లలో మనవాళ్లు కూడా ఉండాలి.

మా హాస్టల్లో ఒక చెల్లికి కబడ్డీలో కాలు మెలిపడింది. లోపల టప్‌మని సౌండ్ వచ్చిందంది. మోకాలు బాగా వాచింది. ఎక్స్‌రే తీసి, ఎముక విరగలేదు, బెణుకేలే అని పంపించారు. నెలల తర్వాత ఎంఆర్‌ఐ తీస్తే ఏసీఎల్ తెగిందని తేలింది. ఏసీఎల్ అంటే మోకాలి లోపల తొడ ఎముకను, కింది ఎముకను పట్టి ఉంచే తాడు లాంటి లిగమెంట్. అది ఎక్స్‌రేలో కనిపించదు. కానీ చేత్తో మోకాలు కదిపి చూసే లాక్‌మన్ టెస్ట్ అని ఒకటుంది. దానికి మెషీన్ అక్కర్లేదు, నేర్చిన చెయ్యి చాలు. ఆ చెయ్యి మన దగ్గర లేకపోవడమే అసలు సమస్య.

తెగినదాన్ని సరిచేయడం ఇంకా పెద్ద చదువు. పెన్సిల్ కంటే సన్నటి కెమెరాను మోకాల్లోకి పంపి, మన తొడ వెనక నుంచే తీసిన స్నాయువుతో కొత్త లిగమెంట్ వేస్తారు. ఇది నేర్చుకోవాలంటే ఎంబీబీఎస్ ఇంటర్న్‌షిప్‌తో కలిపి 5½ ఏళ్లు, ఎంఎస్ ఆర్థో 3 ఏళ్లు, ఆ పైన ఎఫ్‌ఎన్‌బీ స్పోర్ట్స్ మెడిసిన్ 2 ఏళ్లు. మొత్తం 10½ ఏళ్లు, మధ్యలో ఎంట్రన్స్‌లు వేరే. ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కిన మనలాంటోళ్లకు ఈ లెక్క వింటేనే భయమేస్తుంది. "ఇంకెప్పుడు సంపాదిస్తవ్?" అని ఇంట్లో అడుగుతరు. అందుకే ఒక మాట తెలియాలి: ఇంటర్న్‌షిప్‌లో, ఎంఎస్‌లో, ఫెలోషిప్‌లో స్టైపెండ్ వస్తుంది. ఇది మనకు ఎవరూ చెప్పరు.

"ఇంత చదువు పట్నం ఆటగాళ్లకే కదా" అనొచ్చు. వినేశ్ ఫోగాట్‌ను చూడండి. 2016 రియో ఒలింపిక్స్‌లో మోకాలు దెబ్బతిని స్ట్రెచర్ మీద బయటికొచ్చింది. సర్జరీ, ఫిజియో అయ్యాక 2018 ఏషియన్ గేమ్స్‌లో గోల్డ్ కొట్టింది. మన చెల్లెళ్లలో పట్టుదల తక్కువా? తక్కువైంది వైద్యం. పైగా ఒకే ఆటలో మగపిల్లల కంటే ఆడపిల్లలకు ఏసీఎల్ తెగడం రెండింతలకు పైనే. సర్జరీ అయినా తొమ్మిది నెలల దాకా తొందరపడి ఆడకూడదు. ఆడితే మళ్లీ తెగే ప్రమాదం ఉంది.

మనం అడగాల్సినవి ఇవి:

1. ఆర్థో పీజీ డాక్టర్లకు, స్పోర్ట్స్ మెడిసిన్ ఫెలోలకు ట్రైనింగ్‌లో భాగంగా గిరిజన స్పోర్ట్స్ స్కూళ్లలో నెలకోసారి క్యాంపు పెట్టాలి. పిల్లలకు వైద్యం దొరుకుతుంది, వాళ్లకు చెయ్యి తిరుగుతుంది.

2. ఏరియా హాస్పిటల్ డాక్టర్లకు లాక్‌మన్ టెస్ట్, ఫిజియోలకు సర్జరీ తర్వాతి వ్యాయామాలు గట్టిగా నేర్పాలి.

3. పీఈటీలు ఫిఫా 11+ వార్మప్ చేయించాలి. ఇరవై నిమిషాల పని, రూపాయి ఖర్చు లేదు, మోకాలి దెబ్బలు తగ్గుతాయి. దీనికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు, రేపట్నుంచే మొదలుపెట్టొచ్చు.

మొదటి రెండూ ఐటీడీఏ గిరిజన దర్బార్‌లో అర్జీ రాసి ఇద్దాం. రాయడానికి నేను రెడీ, సంతకాలకు మీరు రండి. బైపీసీ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు మాత్రం ఆ 10½ ఏళ్ల లెక్క చూసి వెనక్కి తగ్గొద్దు. మీలో ఒక్కరు ఆ దాకా పోయినా, ఆడుతూ పడిపోయిన పిల్లకు "బెణుకేలే" అనే మాట వినాల్సిన పని ఉండదు.

జై ఆదివాసీ.