పేరుగల కళాశాలలు, పేరులేని విశ్వవిద్యాలయములు

పై చదువుల ప్రవేశకాలము వచ్చినదనగా మన పట్టణములలో ఒకటే ప్రశ్న వినవచ్చుచుండును: "అబ్బాయిని ఎక్కడ చేర్పించితిరి?" పేరుమోసిన ప్రైవేటు కళాశాలలో చేర్పించిన తండ్రి తల యెత్తుకొని బదులు చెప్పును. జిల్లా విశ్వవిద్యాలయమున చేర్పించినవాడు గొంతు తగ్గించి చెప్పును. మొదటివాడు పొలము కుదువబెట్టెనా, రెండవవాడు అప్పులేక గట్టెక్కెనా యని అడుగువారు మాత్రము లేరు.

ఈ చిన్నచూపునకు గురియైన విద్యాలయము లెవ్వి? ఉమ్మడి రాష్ట్రమున 2006లో కడపలో యోగి వేమన, రాజమహేంద్రవరమున ఆదికవి నన్నయ, నిజామాబాదున తెలంగాణ విశ్వవిద్యాలయములు వెలసెను. 2007లో నల్లగొండకును, 2008లో మచిలీపట్నము, మహబూబునగరము, నెల్లూరు పట్టణములకును ఆ భాగ్యము కలిగెను. ఇవియన్నియు ప్రజాధనముతో నడచుచున్నవి. 1956 నాటి విశ్వవిద్యాలయ నిధుల సంఘ చట్టములోని 22వ విభాగము ప్రకారము పట్టము నిచ్చు అధికారము చట్టరీత్యా ఏర్పడిన విశ్వవిద్యాలయములకును, తత్సమాన హోదా పొందిన సంస్థలకును, పార్లమెంటు చట్టముచే ప్రత్యేకముగా ఆ అధికారము పొందిన సంస్థలకును మాత్రమే కలదు. చట్టము దృష్టిలో పాలమూరు పట్టమునకును, నూరేండ్లు దాటిన ఉస్మానియా పట్టమునకును భేదము లేదు.

ఇందొక చమత్కారము కలదు. బెజవాడలోని ఆంధ్ర లొయోలా కళాశాలకు మంచిపేరున్నది. ఆ పేరు ఊరక వచ్చినది కాదు. కాని ఆ కళాశాల అనుబంధమై యున్నది బందరులోని కృష్ణా విశ్వవిద్యాలయమునకే. లొయోలాలో చదివితినని గర్వించుచు, కృష్ణా విశ్వవిద్యాలయమా యని పెదవి విరచు యువకుడు తన పట్టమును ఒకమారు విప్పి చూచుకొనిన బాగుండును.

న్యాయస్థానములలో పనిచేయువారికి ఒక సూత్రము కంఠపాఠము: మౌఖిక సాక్ష్యము ప్రత్యక్షమై యుండవలెను, ఒకరు చెప్పగా విన్నమాట చెల్లదు. 1872 నాటి సాక్ష్య చట్టము పోయి, 2024 జూలై 1 నుండి భారతీయ సాక్ష్య అధినియమము వచ్చినను ఈ సూత్రము మారలేదు. ఎకరము భూమి తగాదాలో చెల్లని విన్నమాట, బిడ్డ భవిష్యత్తు విషయమున మనకు వేదవాక్కగుచున్నది. 2016 నుండి కేంద్రప్రభుత్వము ప్రకటించుచున్న జాతీయ శ్రేణీకరణములో సైతము నూటికి పది మార్కులు ఇతరుల అభిప్రాయమునకే కేటాయింపబడినవి. పేరున్నవానికి ఆ పేరే మరికొంత పేరు తెచ్చిపెట్టుచున్నది.

పేరు వేరు, విద్య వేరు అనుటకు ఆంధ్ర విశ్వకళాపరిషత్తే తార్కాణము. 1926లో పుట్టిన ఆ సంస్థకు పదునైదేండ్లయినను నిండకముందే కల్యంపూడి రాధాకృష్ణారావు అచ్చట గణితశాస్త్రమున పట్టము గొనెను. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాల ప్రతిష్ఠ ముందు వాల్తేరు పేరు అప్పుడెంత? ఆయన అటనుండి కలకత్తాకేగి గణాంకశాస్త్రమున లోకవిఖ్యాతుడై, 2023లో ఆ శాస్త్రమున అంతర్జాతీయ బహుమానమును పొందెను.

అయితే న్యాయముగా పలుకవలెను. నాటి వాల్తేరుకు కట్టమంచి రామలింగారెడ్డి, సర్వేపల్లి రాధాకృష్ణ పండితుడు ఉపాధ్యక్షులు. భౌతికశాస్త్రము బోధించినవాడు సూరి భగవంతము. నేటి జిల్లా విశ్వవిద్యాలయములకు అట్టి గురుబలము ఏది? అనేక శాఖలలో శాశ్వతోపాధ్యాయుల స్థానములు ఖాళీగా పడియున్నవి. ఒప్పంద అధ్యాపకులు, అతిథి అధ్యాపకులు ఏ యేటికాయేడు భయముతో పాఠములు చెప్పుచున్నారు. నియామకములకై తెలంగాణ శాసనసభ 2022లో ఆమోదించిన ఉమ్మడి నియామక మండలి బిల్లు గవర్నరు బల్లపై నెలల తరబడి నిలిచిపోయెను. గురువు లేని భవనమును విశ్వవిద్యాలయ మనుడని మేము పాఠకులను కోరము. ప్రయోగశాలలో పరికరమున్నను, చూపించువాడు లేనిచో విద్యార్థి మరియొక తావు వెదకుకొనుటలో తప్పులేదు.

కాని కలిగినవారు తమ బిడ్డలను వేరొకచోటికి పంపినకొలది ఈ ఖాళీలను గూర్చి గట్టిగా అడుగగలవారు కొరవడుచున్నారు. అడుగువారు లేనిచోట ప్రభుత్వములు నింపునా? మిగిలినది బీదవాని బిడ్డ. వానికి వేరు దారి లేదు.

ఈ సందర్భమున ప్రజావిశ్వవిద్యాలయమునకు గల ఒక గుణమును మనవారు గుర్తింపకున్నారు. అది మనకు జవాబు చెప్పవలసిన సంస్థ. 2005 నాటి సమాచారహక్కు చట్టము 4వ విభాగము ననుసరించి తన ఉద్యోగుల పట్టికను అదియే ప్రకటింపవలెను; అర్జీ పెట్టినచో ముప్పది దినములలో ఉత్తర మియ్యవలెను. ప్రైవేటు కళాశాల ఆ చట్టమునకు లోబడునా యనునదే ముందు వాదింపవలసి యుండును.

కావున ప్రతి పఠనమందిరమును తన జిల్లా విశ్వవిద్యాలయమునకు ఈ నెలలోనే ఒక అర్జీ పంపవలెనని మా మనవి. శాఖవారీగా మంజూరైన అధ్యాపక స్థానములెన్ని, నిండినవెన్ని, గత మూడేండ్లలో చేరిన విద్యార్థులెందరు, ఉత్తీర్ణులెందరు అని అడిగిన చాలును. వచ్చిన ఉత్తరములను మాకు పంపినచో వరుసగా ప్రకటింతుము.