డి విటమిను బిళ్ళ కాలేయపు కొవ్వును కరిగించునా?



ఈ మధ్య కుటుంబములను దర్శించునప్పుడు రెండు కాగితములు తరచుగా మా చేతికి వచ్చుచున్నవి. ఒకటి కడుపు స్కానింగు రిపోర్టు. అందులో "ఫ్యాటీ లివర్, గ్రేడ్ 1" అని ఉంటుంది. రెండవది రక్తపరీక్ష. అందులో డి విటమిను తక్కువ అని ఉంటుంది. "అయ్యగారూ, ఈ రెంటికీ సంబంధముందంట. డి విటమిను బిళ్ళలు మింగితే లివరు బాగుపడుద్దంట. నిజమేనా?" అని అడుగుచున్నారు. మేము వైద్యులము కాము. అయినను వైద్యులు పరీక్షించి ప్రకటించిన సంగతులను చదివి, మన కుటుంబములకు అర్థమగునట్లు చెప్పుట మేలని తలంచి ఈ నెల ఈ విషయమును తీసుకొన్నాము.

ముందుగా ఒక అపవాదును తొలగించవలెను. లివరు జబ్బు అనగానే "తాగుతాడేమో" అను మాట మన ఊళ్లలో వెంటనే పుట్టును. ఒక సంఘపెద్ద తన రిపోర్టును భార్యకు తప్ప ఎవరికిని చూపక ఆరు నెలలు దాచుకొన్నారు. "నేను చుక్క ముట్టినవాణ్ణి కాను అయ్యగారూ. ఈ మాట బయటికి పొక్కితే నన్నెవరు నమ్ముతారు?" అన్నది ఆయన బాధ. సిగ్గుచేత ఆయన వైద్యునియొద్దకు కూడ తిరిగి పోలేదు. 1980లోనే అమెరికా దేశములోని మేయో క్లినిక్‌లో జుర్గెన్ లుడ్విగ్ అను వైద్యుడు, ఆయన తోటివారు 20 మంది రోగుల సంగతి ప్రకటించిరి. వారి కాలేయములు త్రాగుబోతుల కాలేయములవలెనే చెడియున్నవి గాని, వారికి చెప్పుకోదగిన త్రాగుడు అలవాటు లేదు. గనుక ఈ రిపోర్టు చూచి ఎవరి నడతను గూర్చియు తీర్పు తీర్చరాదు. అట్టి గుసగుసలు రోగిని ఆసుపత్రికి దూరము చేయును.

ఈ జబ్బు ఎంత వ్యాపించినదో 2025లో ప్రకటించిన హైదరాబాదు పరిశోధన ఒకటి చూపినది. అక్కడి కంప్యూటరు ఉద్యోగులు 345 మందిని పరీక్షించగా 84 శాతము మందికి కాలేయములో కొవ్వు చేరియున్నది. గంటల తరబడి కుర్చీలో కూర్చొనువారి లెక్క అది. పల్లెలో లెక్క అంత ఉండకపోవచ్చును. అయినను ట్రాక్టరు, మోటారు సైకిలు, సెల్‌ఫోను వచ్చిన తరువాత మన ఒంటికి కూడ పని తగ్గినది గదా! 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చి పేదల ఆకలి తీర్చినది. అది గొప్ప మేలు. కాని మెల్లమెల్లగా జొన్న, సజ్జ సంగటి పోయి మూడు పూటల తెల్లన్నము మిగిలినది. కష్టము చేసిన నాటి తిండి కొలత మాత్రము తగ్గలేదు.

కాలేయము మన కుడి ప్రక్కటెముకల క్రింద ఉండును. బరువు సుమారు కిలోన్నర. తిన్న అన్నము, చక్కెర అవసరమునకు మించినప్పుడు కాలేయము దానిని కొవ్వుగా మార్చును. ఆ కొవ్వు కాలేయములో నూటికి 5 పాళ్లు మించినప్పుడు దానిని కొవ్వు కాలేయమని అందురు. చాలమందికి నొప్పి గాని వేరే గుర్తు గాని ఉండదు. కొందరిలో మాత్రము అది వాపుగా మారి, వాపు గట్టిపడి, చివరకు కాలేయము ఎండిపోవును. పొట్ట పెరిగినవారికి, మధుమేహము ఉన్నవారికి ఈ అపాయము ఎక్కువ. పైకి సన్నముగా కనబడువారికి కూడ రావచ్చును.

ఇక డి విటమిను సంగతి. కలిగిరి, ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములలో ఎండకు కొదువ లేదు. మరి ఎండవలన కలుగు విటమిను మనకు తక్కువగుట ఎట్లు? మనకు దక్షిణమున తిరుపతిలో ఉన్న శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ వైద్యులు ఈ ప్రశ్ననే పరిశోధించిరి. 2007లో వారు ప్రకటించిన లెక్క ప్రకారము పల్లెలలోని పురుషులలో 44 శాతము, స్త్రీలలో 70 శాతము మందికి డి విటమిను లోపమున్నది. పట్టణములలో ఇంకను ఎక్కువ. మన చర్మపు రంగు ఎండను కొంత అడ్డగించును. స్త్రీలకు చీర, రవికె, తలపై కొంగు ఉండును. పొగాకు గ్రేడింగు వంటి పనులు నీడననే జరుగును. పైగా మన తిండిలో కాల్షియము తక్కువ. కాల్షియము తక్కువైనప్పుడు ఒంటిలో ఉన్న డి విటమిను కూడ త్వరగా ఖర్చగును.

తిరుపతి వైద్యులు మరియొక సంగతి కూడ కనుగొనిరి. చర్మములోని పదార్థమును గాజు గొట్టములలో పోసి గంట గంటకు ఎండలో ఉంచి చూడగా, సంవత్సరము పొడుగున పగలు 11 గంటలు మొదలు 2 గంటల వరకు డి విటమిను ఎక్కువగా తయారైనది. తెల్లవారి లేత ఎండలో కూర్చుంటే చాలునని మనవారు అనుకొందురు. ఆ ఎండ హాయిగా ఉండును గాని దానివలన కలుగు విటమిను బహు స్వల్పము.

ఇప్పుడు ఈ రెంటికీ ఉన్న సంబంధము చూతము. కొవ్వు కాలేయము ఉన్నవారిలో డి విటమిను తక్కువగా ఉండుట తరచుగా కనబడుచున్నది. దీనికి మూడు కారణములు చెప్పవచ్చును. మొదటిది, చర్మములో పుట్టిన డి విటమినును రక్తపరీక్షలో కొలిచే రూపమునకు మార్చునది కాలేయమే. రెండవది, ఈ విటమిను కొవ్వులో కరిగి దాగికొనును గనుక స్థూలకాయుల రక్తములో తక్కువగా కనబడును. మూడవది, ఇంటిలో కూర్చొనియుండు మనిషికి ఎండ తగలదు, ఒంటికి పనియు ఉండదు. ఒకే జీవితము రెండు ఫలములు కాచినది. ఒకే చెట్టున రెండు కాయలున్నంత మాత్రాన ఒక కాయ రెండవదానిని కన్నదనగలమా?

దీనిని తేల్చుటకు రోము పట్టణ వైద్యులు మధుమేహమును కొవ్వు కాలేయమును ఉన్న 65 మందిని రెండు గుంపులుగా చేసి, ఒక గుంపునకు రోజుకు 2000 యూనిట్ల డి విటమిను, రెండవ గుంపునకు మందులేని ఉత్త బిళ్ళ 24 వారములు ఇచ్చిరి. 2016లో ఫలితము ప్రకటించిరి. విటమిను తీసుకొన్నవారి రక్తములో విటమిను పెరిగినది. కాలేయములో కొవ్వు మాత్రము రెండవ గుంపుకంటె తగ్గలేదు. కొన్ని పరిశోధనలలో కొంచెము మేలు కనబడినను, 2021లో అట్టివాటిని కలిపి తూచిన కాక్రేన్ సమీక్షకులు నమ్మదగిన ఆధారము చాలదనియే తేల్చిరి.

మరి ఏది పనిచేయును? క్యూబా దేశములో 293 మంది రోగులు ఒక సంవత్సరము ఆహారము తగ్గించి, నడక పెంచిరి. 2015లో ప్రకటించిన ఫలితమిది: శరీర బరువులో నూటికి 10 పాళ్లు గాని అంతకు మించి గాని తగ్గినవారిలో 90 శాతము మందికి కాలేయపు వాపు పోయినది. 70 కిలోల మనిషికి అది 7 కిలోలు. మూడున్నర కిలోలు తగ్గినను కొవ్వు తగ్గుట మొదలగును. బిళ్ళ సులభము, కొవ్వు తగ్గించుట కష్టము. అందుచేతనే బిళ్ళ మాట ఊరంతా వ్యాపించినది.

అట్లని డి విటమిను అక్కరలేదని చెప్పుట లేదు. ఎముకలకు అది కావలెను. లోపమున్నవారు వైద్యుడు చెప్పినంత కాలము, చెప్పినంత మోతాదు వాడవలెను. కాని మందుల షాపులో తామే అడిగి వారము వారము వాడుట అపాయము. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పిన దినసరి అవసరము 600 యూనిట్లు. మనకు దొరుకు పొడి పొట్లములో 60,000 యూనిట్లు ఉండును. అనగా ఒక్క పొట్లములో నూరు దినముల లెక్క ఉన్నది! హద్దు మీరితే రక్తములో కాల్షియము పెరిగి వాంతులు, దాహము, మూత్రపిండములకు చెరుపు కలుగును. పసరుమందులు కూడ ఎవరో చెప్పిరని త్రాగవద్దు. కాలేయమును బాగుచేయుననుకొన్న ఆకు కాలేయమునే చెరుపవచ్చును.

ఇంటిలో చేయదగినవి ఇవి. పళ్లెములో అన్నము సగము చేసి, పప్పు, ఆకుకూర, గ్రుడ్డు, చేప పెంచండి. వారములో కొన్ని పూటలు రాగి, సజ్జ సంగటి తిరిగి పొయ్యి ఎక్కించండి. రాగిలో కాల్షియము కూడ ఉన్నది. ప్రేమవిందులలో కూల్‌డ్రింకులకు బదులు మజ్జిగ ఇవ్వండి. ఇండ్లకు వచ్చు సేవకులకు చక్కెర లేని టీ ఇవ్వండి. పది ఇండ్లు దర్శించిన దినమున ఇంటికి రెండు చెంచాల చొప్పున ఇరవై చెంచాల చక్కెర మా కడుపులోనికి పోవును! దినమునకు అరగంటైనను చురుకుగా నడవండి. ఎండ తగ్గిన కాలములో ఆ నడక పగటిపూట చేసినచో ఎండయు తగులును. వేసవిలో మాత్రము మిట్టమధ్యాహ్నము నిలువవద్దు. వడదెబ్బ ప్రాణము తీయును. త్రాగు అలవాటున్నవారు పూర్తిగా మానవలెను.

2021 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము ఈ జబ్బును మధుమేహము, క్యాన్సరు, గుండెజబ్బుల జాతీయ కార్యక్రమములో చేర్చినది. ఈ జబ్బున్నవారిలో ఎక్కువమందిని చివరకు బలిగొనునది గుండెజబ్బే. గనుక రిపోర్టు ఉన్నవారు రక్తపోటు, చక్కెర కూడ చూపించుకొనవలెను. నడుము కొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించరాదని గురుతుంచుకొనండి. దర్జీ టేపు ఏ ఊరిలోనైనను దొరుకును.

పెట్టెలో దాచిన రిపోర్టులు ఉన్నచో ఈ వారమే బయటికి తీసి వైద్యునికి చూపించండి. "కాలేయము గట్టిపడినదా, లేదా? నేనెంత బరువు తగ్గవలెను?" అని అడగండి. ప్రక్క ఇంటివారు అడిగితే "త్రాగుటవలన కాదు, తిని కూర్చొనుటవలన వచ్చినది" అని ధైర్యముగా చెప్పండి. ఆ మాట విని వారును తమ నడుము కొలుచుకొందురేమో!