పాట ఊరికే వస్తుందా?



సినిమా పాట వెనక నిర్మాత ఉంటాడు. డబ్బు పెడతాడు, తిరిగి రాబట్టుకుంటాడు. కాని ఏ నిర్మాతా లేకుండా, సొంతంగా పాట కట్టి ఊరూరా తిరిగి పాడేవాళ్ల సంగతేటి? ఆ పాట ఖరీదు ఎవరు కడుతున్నారు? పాడేవాడే కడుతున్నాడని నా అభిప్రాయం. అది న్యాయం కాదని కూడా నా అభిప్రాయం.

మన ఉత్తరాంధ్ర మనిషినే తీసుకోండి. వంగపండు ప్రసాదరావు గారు 1943లో పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో పుట్టారు. విశాఖ షిప్‌యార్డులో పనిచేశారు. 1972లో జననాట్యమండలి పెట్టినవారిలో ఆయన ఒకరు. కాలికి గజ్జె కట్టి, మన యాసలోనే వందల పాటలు రాసి పాడారు. గిరిజనుల కష్టం ఆ పాటల్లో ఉంది. 2020 ఆగస్టు 4న చనిపోయారు. ఆయన పాటలు మనం పాడుకుంటాం గాని, రాసిందెవరంటే ఎంతమందిమి చెప్పగలం?

గద్దర్ గారు పాట కోసం 1984లో కెనరా బ్యాంకు ఉద్యోగం వదిలేశారు. 1997 ఏప్రిల్ 6న ఆయన మీద కాల్పులు జరిగాయి. ఒక తూటా 2023లో చనిపోయేదాకా ఆయన ఒంట్లోనే ఉండిపోయింది.

పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. ప్రభుత్వ సాయం కూడా వచ్చింది. అయినా 2024లో ఆయన హైదరాబాదు దగ్గర కట్టడం పనికి కూలికి వెళుతున్నారని పత్రికల్లో పడింది. బిరుదు గోడకి వేలాడుతుంది గాని నెలనెలా బియ్యం తేదు. అదే 2022లో పద్మశ్రీ అందుకున్న సకిని రామచంద్రయ్య గారు మనలాగే గిరిజనుడు, కోయ. సమ్మక్క సారలమ్మల కథ, కోయల వంశాల కథలు డోలు మీద పాడేవారు. 2024లో కన్నుమూశారు. అలాంటి మనిషి పోతే ఒక పుస్తకాల బీరువా కాలిపోయినట్టే గదా!

“ఇష్టం కొద్దీ పాడుకున్నారు, ఎవరు పాడమన్నారు?” అని కొందరు అంటారు. మన అమ్మానాన్నలు పసుపు, రాజ్‌మా, కాఫీ ఇష్టంగానే పండిస్తారు. అంతమాత్రాన షావుకారు ఉత్తినే పట్టుకుపోతే ఊరుకుంటామా?

“కళని డబ్బుతో కొలవకూడదు” అని ఇంకొందరు అంటారు. ఇందులో కొంత నిజం ఉంది. ఇటుకల పండక్కి మోరి ఊదేది డబ్బు కోసం కాదు. అది ఊరి పండగ, ఊరే అన్నం పెడుతుంది. కాని బొర్రా గుహలు చూడ్డానికి, అరకు చూడ్డానికి వచ్చినవాళ్ల ముందు వాయించడం వేరు. అది పని. పనికి కూలి ఉండాలి.

థింసా ఆడేవాళ్ల ఫొటోలు అందరూ తీస్తారు. పక్కన మోరి ఊదే తాతని, తుడుం, డప్పు, కిరిడి వాయించేవాళ్లని ఎవరూ చూడరు. వాళ్లు లేకపోతే అడుగే పడదు. మోరి చేతికి రావాలంటే ఏళ్లు పడుతుంది. ఆ రోజుల కూలి పోతుంది. తోలు చిరిగితే సొంత డబ్బుతోనే వేయించుకోవాలి. అందుకే కుర్రాళ్లు నేర్చుకోడానికి వెనకాడుతున్నారు. వాళ్లని తిట్టి లాభం లేదు.

మనం చెయ్యగలిగినవి మూడున్నాయి.

ఒకటి: స్కూలు వార్షికోత్సవానికి సౌండు బాక్సుల వాడికి అద్దె ఇస్తాం గదా. ఈసారి మన ఊళ్ల వాయిద్యగాళ్లని కూడా పిలుద్దాం. ఆ అద్దెకి తక్కువ కాకుండా, అదే రోజు, చేతికే డబ్బు ఇద్దాం. భోజనం, బస్సు ఛార్జీ వేరే.

రెండు: సెలవులకి ఇంటికెళ్లినప్పుడు సెల్లులో పాట తీసేముందు అడగాలి. ఎవరికైనా పంపితే పాడినవాళ్ల పేరు, ఊరు తప్పకుండా రాయాలి.

మూడు: ఆదివారం భోజనాలయ్యాక ఒక గంట నేర్చుకోడానికి కావాలి. వార్డెన్ మాస్టారికి ఇది మా మనవి. చదువు పాడవుతుందని భయపడకండి మాస్టారూ, ఆ గంట ఎలాగూ మేం వరండాలో కబుర్లాడుకునేదే.

నేర్చుకోవాలనుకున్నవాళ్లు ఈ కాగితం కింద మీ పేరు, తరగతి రాయండి. పది పేర్లు పడితే మాస్టారి దగ్గరికి అందరం కలిసి వెళదాం.

— తొమ్మిదో తరగతి విద్యార్థి