పరిశ్రమలు తరలితే.. ఉప్పల్‌, నాచారానికి మిగిలేదేమిటి?

ఉప్పల్‌: నగర తూర్పు శివారు మరో మలుపు ముందు నిలిచింది. హైదరాబాద్‌ చుట్టూ ఉన్న 22 పారిశ్రామికవాడల భూములను నివాస, వాణిజ్య అవసరాలకు మార్చుకునేందుకు వీలు కల్పిస్తూ రాష్ట్ర ప్రభుత్వం 2025 నవంబరులో ‘హిల్ట్‌’ విధానాన్ని ప్రకటించింది. సుమారు 9,292 ఎకరాలకు సంబంధించిన ఈ జాబితాలో ఉప్పల్‌, నాచారం వాడలూ ఉన్నాయి. కార్ఖానాలను నమ్ముకుని పెరిగిన ఈ బస్తీలు, కాలనీల భవితవ్యం ఏమిటన్నది ఇప్పుడు స్థానికుల ముందున్న ప్రశ్న. ఈ ప్రాంతం గతాన్ని తిరగేస్తే సమాధానానికి కొంత దారి దొరుకుతుంది.

పొలాల నుంచి ప్రయోగశాలల దాకా..

ఉప్పల్‌ కలాన్‌ అంటే పెద్ద ఉప్పల్‌ అని అర్థం. భగాయత్‌ అన్న పేరు తోట భూములను గుర్తుచేస్తుంది. దక్షిణాన మూసీ, నడుమ వరంగల్‌ రహదారి, చుట్టూ చెరువులు.. ఇదీ నాటి గ్రామ స్వరూపం. 1961లో ఏర్పాటైన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ హబ్సిగూడకు గుర్తింపు తెచ్చింది. 1987లో సీసీఎంబీ జాతికి అంకితమైంది. రామంతాపూర్‌లో దూరదర్శన్‌ కేంద్రం వెలిసింది. మరోపక్క నాచారం, ఉప్పల్‌, మల్లాపూర్‌ వాడల్లో ఔషధ, రసాయన, ఇంజినీరింగు పరిశ్రమలు వచ్చాయి. కార్మికుల కోసం నాచారంలో ఈఎస్‌ఐ ఆసుపత్రి ఏర్పడింది. ఉద్యోగులు, కార్మికులు పైసా పైసా కూడబెట్టి కట్టుకున్న ఇళ్లతోనే ఇక్కడి కాలనీలు విస్తరించాయి.

పాలన మారినా తీరని వెతలు

1978లో హైదరాబాద్‌ నుంచి విడివడిన రంగారెడ్డి జిల్లాలో ఈ ప్రాంతం చేరింది. 2007 ఏప్రిల్‌ 16న ఉప్పల్‌, కాప్రా సహా 12 పురపాలక సంఘాల విలీనంతో గ్రేటర్‌ హైదరాబాద్‌ అవతరించింది. 2016 అక్టోబరు 11న మేడ్చల్‌-మల్కాజిగిరి జిల్లా ఏర్పడింది. పొరుగునున్న బోడుప్పల్‌, పీర్జాదిగూడ సైతం 2025 డిసెంబరులో గ్రేటర్‌లో కలిశాయి. ఇలా సరిహద్దులు పదేపదే మారినా, వాననీరు పారే దారిని మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. 2020 అక్టోబరు 13, 14 తేదీల్లో కురిసిన కుండపోతకు రామంతాపూర్‌ చెరువులు పొంగి, హబ్సిగూడ ఎనిమిదో నంబరు వీధి సహా పలు కాలనీలు రోజుల తరబడి నీటిలో నానాయి. పల్లపు కాలనీల వాసులు కట్టుబట్టలతో బయటపడాల్సి వచ్చింది.

రహదారి కథా అంతే. 2005 నవంబరులో ఉప్పల్‌ స్టేడియంలో తొలి అంతర్జాతీయ వన్డే జరిగింది. 2017లో మెట్రో, 2023లో ఆకాశ వంతెన వచ్చాయి. అయితే ఉప్పల్‌-నారపల్లి మధ్య 6.2 కిలోమీటర్ల ఎలివేటెడ్‌ కారిడార్‌కు 2018లో శంకుస్థాపన జరిగినా పనులు ఏళ్ల తరబడి నత్తనడకన సాగాయి. ప్రయాణికులకు దుమ్ము, గుంతలు తప్పలేదు. రోడ్డు పక్క దుకాణాల్లో బేరాలు పడిపోయాయి.

ముంబయి చెప్పే పాఠం

కాలుష్య పరిశ్రమలు ఇళ్ల మధ్య ఉండరాదన్న వాదనలో న్యాయముంది. వాటిని బాహ్యవలయ రహదారి వెలుపలికి తరలించాలని 2013లోనే ఉత్తర్వులు వెలువడ్డాయి. కొత్త విధానం ప్రకారం రోడ్డు వెడల్పును బట్టి రిజిస్ట్రేషన్‌ విలువలో 30 లేదా 50 శాతం రుసుము చెల్లించి భూ వినియోగాన్ని మార్చుకోవచ్చు. ఉపాధి కల్పన కోసం కేటాయించిన భూములు స్థిరాస్తి వ్యాపారానికి దారితీస్తాయని విపక్షాలు ఆక్షేపిస్తుండగా, నగరం నడిబొడ్డున కాలుష్యాన్ని తగ్గించేందుకేనని ప్రభుత్వం సమర్థించుకుంటోంది.

ఇలాంటి సందర్భమే ముంబయిలో ఎదురైంది. అక్కడి బట్టల మిల్లుల స్థలాల్లో మూడో వంతు బహిరంగ స్థలాలకు, మూడో వంతు ప్రభుత్వ గృహాలకు, మిగిలింది యజమానులకు దక్కేలా 1991లో నిబంధన తెచ్చారు. 2001 సవరణలో దాన్ని కేవలం ఖాళీ జాగాకే పరిమితం చేయడంతో ప్రజల వాటా కుంచించుకుపోయింది. 2006లో సుప్రీంకోర్టు సైతం ఆ సవరణను సమర్థించింది. నిబంధనలోని ఒక్క మాట ఒక నగర భవిష్యత్తును ఎలా మార్చగలదో ఈ ఉదంతం చాటుతోంది.

ముందు చేయాల్సింది..

నాచారంలో ఒక కార్ఖానా స్థానంలో బహుళ అంతస్తుల భవనాలు లేస్తే అదే మురుగు కాల్వపై, అదే రోడ్డుపై వందల కుటుంబాల భారం పడుతుంది. పైగా చెంతనే అద్దెకుంటూ నడిచి పనికి వెళ్లే కార్మికుడు బాహ్యవలయం అవతలికి రోజూ ప్రయాణించాలి, లేదా ఉపాధిని వదులుకోవాలి. అందుకే అనుమతులకు ముందే చెరువుల హద్దులు, నాలాల వెడల్పు తేల్చాలి. వసూలైన రుసుములో నిర్దిష్ట వాటాను ఇక్కడి మురుగు, వరద కాల్వలకే వెచ్చించాలి. కాలుష్యం లేని చిన్న యూనిట్లకు చోటు ఉంచాలి. కార్మికుల బకాయిలు తీర్చాకే మార్పిడికి పచ్చజెండా ఊపాలి. భూమి ఒక్కసారి చేతులు మారితే తిరిగి అడిగే అవకాశం ప్రజలకు ఉండదు. నేతలు, అధికారులు ఈ సంగతిని ఇప్పుడే గుర్తెరగాలి.