ఎత్తు లేపిన జీపుకి బ్రేకు గొట్టం అందుతోందా?

బందరు, గుడివాడ, దివిసీమ బండ్ల యజమానులకూ షెడ్డు మేస్త్రీలకూ విజ్ఞప్తి

థార్లనీ పాత మహీంద్రా జీపులనీ మనవాళ్లు ఎందుకు ఎత్తు లేపుతున్నారో అందరికీ తెలుసు. హంసలదీవి ఇసుక, చేపల చెరువు గట్ల మీద రేగడి బురద సగం కారణం. సెంటర్లో నలుగురూ చూడాలన్నది మిగతా సగం. సరదాకి అడ్డుపడటం లేదు. బండిని లేపి, మిగతా సామానంతా పాతదే ఉంచేయడం మీదే మా అభ్యంతరం.

వెనక ఇరుసుకీ కమాను పట్టీలకీ మధ్య ఇనుప దిమ్మ పెట్టి పొడుగు యూ బోల్టులు బిగిస్తే బాడీ లేస్తుంది గానీ ఇరుసు లేవదు. బురదలో ముందు ఆనేది ఇరుసు నడుమ ఉన్న డిఫరెన్షియల్. దాన్ని లేపేది పెద్ద టైరు ఒక్కటే. ఇసుకలోనైతే టైర్లలో గాలి కాస్త తగ్గించుకుంటే చాలావరకు పని జరిగిపోతుంది. తారు రోడ్డెక్కగానే మళ్లీ గాలి పట్టించుకోవాలి. పాత థార్లకి ముందున్న టార్షన్ బారు బిగించి వదిలేసే పద్ధతి ఇంకా చవక. చక్రం కిందికి దిగే వీలు తగ్గిపోయి, ప్రతి గోతికీ బండి ఎగిరి పడుతుంది.

ఇప్పటికే లేపినవాళ్లు ఈ పరీక్ష చేయించండి. ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టి చక్రాలు గాల్లో వేలాడనివ్వండి. బ్రేకు గొట్టం తంబూరా తీగలా బిగుసుకుందా, కాలవ గట్టున ఒక చక్రం జారిన రోజున ఆ గొట్టం తెగుతుంది, బ్రేకు పోతుంది. పొడుగు గొట్టం వేయించండి. షాక్ అబ్జార్బర్ల పొడవు, ప్రొపెల్లర్ షాఫ్టు వాలు, అలైన్‌మెంటు కూడా చూపించండి. హెడ్‌లైట్లు కిందికి దించండి. మంచు పట్టిన తెల్లవారుజామున కరకట్ట మీద ఎదురొచ్చే సైకిలు మనిషికి ఆ వెలుగులో కట్ట అంచు కనబడదు. ఎత్తు పెరిగిన బండి మలుపులో తేలిగ్గా ఒరుగుతుందని వేరే చెప్పాలా? మన కట్టలకి పిట్టగోడలు కూడా లేవు.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ మాటే గట్టిగా చెప్పింది. అదే ఏడు వచ్చిన సవరణ ఒక్కో మార్పుకీ 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అంటోంది. ఆ భయంతోనే లేపిన బండిని ఎవరూ తనిఖీకి తీసుకెళ్లరు. అది అలాగే తిరుగుతుంటుంది.

అందుకే జిల్లా రవాణా శాఖను అడుగుతున్నాం. బందరు, గుడివాడ, అవనిగడ్డల్లో నెలకోసారి తనిఖీ శిబిరం పెట్టండి. తమంతట తాము బండి తెచ్చినవాళ్లకు జరిమానా వేయకుండా, సరిచేసుకోవడానికో పాత ఎత్తుకి దించుకోవడానికో గడువివ్వండి. షెడ్డువాళ్లు ఏం మార్చారో బిల్లు మీద రాసివ్వాలన్న నిబంధన పెట్టండి. రాస్తే ఇరుక్కుంటామని మేస్త్రీలు అంటారు. రాసివ్వలేని పని ఒప్పుకోవడం ఎందుకు?

ఈ అర్జీని సోమవారం బందరు కలెక్టరేట్ గ్రీవెన్సులో ఇస్తున్నాం. మీ బండి లేపినదైనా కాకపోయినా వచ్చి సంతకం పెట్టండి.